పతకం రాకముందు అందాల్సిన పైసలు

(గల్ఫ్‌లో కన్నుమూసిన వలస కార్మికుల స్మారకోపన్యాసం, మెట్‌పల్లి: ప్రసంగ పాఠం)



2022 డిసెంబరు 18న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. అదనపు సమయం ముగిసేసరికి అర్జెంటీనా, ఫ్రాన్స్ చెరో మూడు గోల్స్‌తో నిలిచాయి. పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా కప్పు ఎత్తుకుపోయింది. క్యాలెండరులో ఆ తేదీకి మరో పేరుంది: అంతర్జాతీయ వలసదారుల దినం. 1990లో అదే రోజున ఐక్యరాజ్యసమితి సాధారణ సభ వలస కార్మికుల, వారి కుటుంబాల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్న కోట్లమందికి ఆ సంగతి తట్టి ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో మాత్రం ఈ రెంటినీ విడదీసి చూడటం కష్టం. ఆ టోర్నీ ఎనిమిది స్టేడియాల్లో జరిగితే అందులో ఏడు కొత్తగా కట్టినవి. పదేళ్లపాటు ఖతార్‌ను కట్టిన మేస్త్రీల్లో, సెంట్రింగ్ పనివాళ్లలో, హెల్పర్లలో ఉత్తర తెలంగాణ పల్లెల మనుషులు ఉన్నారు.

ఖతార్‌కు 2010 డిసెంబరులో ఆతిథ్యం ఖాయమైంది. ఆ తర్వాతి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు అక్కడ చనిపోయారని గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో రాసింది. అందరూ స్టేడియం పనుల్లోనే పోయారని ఆ పత్రిక అనలేదు. ఖతార్ ప్రభుత్వం ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఏ పనిలో ఉండి పోయినా శవపెట్టె వచ్చే దారి ఒక్కటే. శంషాబాద్‌లో దిగి, అంబులెన్సులో ఊరికి చేరుతుంది.

ప్రపంచకప్ బహుమతి డబ్బుకు సమానంగా 44 కోట్ల డాలర్లు పక్కన పెట్టి, నష్టపోయిన కార్మికులకు ఇవ్వాలని ఆమ్నెస్టీ వంటి సంస్థలు ఫిఫాను అడిగాయి. ఫిఫా 2024 నవంబరులో 5 కోట్ల డాలర్ల వారసత్వ నిధి ప్రకటించింది. ఆ సొమ్ము ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ, శరణార్థుల హైకమిషన్ నడిపే కార్యక్రమాలకు కేటాయించింది. మంచి పనులే. కానీ చనిపోయినవాళ్ల ఇళ్లకు అందులోంచి పైసా రాలేదు. ప్రకటన వెలువడిన రెండు వారాలకే, డిసెంబరు 11న, 2034 ప్రపంచకప్‌ను సౌదీ అరేబియాకు ఇచ్చేశారు. ఇవాళ మెట్‌పల్లిలో నాలుగో తరగతి చదివే పిల్లవాడు అప్పటికి పాస్‌పోర్టు తీసుకునే వయసుకు వస్తాడు. ఈలోగా అతనికి, అతని అక్కకు, చెల్లెకు ఆడుకోవడానికి ఏం దొరుకుతుంది, దానికి ఎవరు డబ్బు పెడతారు అన్నదే ఈ ప్రసంగ విషయం.

ఇల్లు గడవని చోట ఆటలకు పైసలేమిటని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఈ ప్రాంతపు ఇళ్లలోకి తొంగి చూస్తే దొరుకుతుంది.

ఇక్కడి వలస గల్ఫ్‌తో మొదలు కాలేదు. దానికి ముందు బొంబాయి ఉంది, షోలాపూర్ ఉంది, సూరత్ ఉంది. సిరిసిల్ల పద్మశాలీలు మగ్గాల వెంట భీవండి దాకా పోయారు. 1970ల్లో చమురు ధర పెరిగాక దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ తోడయ్యాయి. వరద కాలువ, ఎస్సారెస్పీ నీళ్లు ఉన్న చోట కూడా మనుషులు ఆగలేదు. పసుపు ధర ఒక ఏడు ఉన్నట్టు మరో ఏడు ఉండదు. మెట్‌పల్లి పక్కనున్న ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ గేటుకు తాళం పడితే చెరకు రైతుతో పాటు ఫ్యాక్టరీలో పని చేసినవాడు, బండి తోలినవాడు కూడా ఏజెంటు ఇంటి దారి పట్టాల్సిందే.

ఇంటి మగమనిషి పోయాక ఇల్లు ఆడవాళ్ల చేతుల మీద నడుస్తుంది. ఆ చేతుల్లో బీడీల చాట ఉంటుంది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో సాయంత్రం ఏ వాడలోకి పోయినా కనిపించే దృశ్యమే: తడి గుడ్డలో చుట్టి ఉంచిన తునికాకు, చాటలో తంబాకు, కత్తెర, దారపు ఉండ. ఆకును కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, కొస ముడిచి దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. బడి నుంచి వచ్చిన ఆడపిల్ల ఆకు కత్తిరించో, కొసలు ముడిచో తల్లి లెక్కను ముందుకు జరుపుతుంది. సరిగ్గా ఆ గంటలోనే, నాలుగున్నర నుంచి ఆరు దాకా, బడి మైదానంలో ఖోఖో సాధన జరుగుతుంది. అంటే మైదానంలో గడిపే గంటకు ఇంట్లో ఒక ధర ఉంది. ఆ ధర కట్టేవాడు లేకపోతే పిల్లకు ఎంత పరుగున్నా చాట దగ్గరే కూర్చుంటుంది.

ఇది బయటికి పోయినవాళ్ల పిల్లల కథ. బయటి నుంచి వచ్చినవాళ్ల పిల్లలు కూడా ఇక్కడే ఉన్నారు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలు ఏటా వస్తాయి. రైసు మిల్లుల్లో బస్తాలు మోసేది బిహార్ హమాలీలు. 2020 మే నెలలో దేశమంతా వలస కూలీలు సొంతూళ్లకు నడిచిపోతున్నప్పుడు, బిహార్‌లోని ఖగరియా నుంచి లింగంపల్లికి ఎదురు దిశలో ఒక రైలు వచ్చింది. మిల్లు కూలీలను తెచ్చిన రైలు అది. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే నేలే తన వడ్లు ఎత్తడానికి వేరే రాష్ట్రం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటోంది. రెండు వైపులా పిల్లలకు జరిగేది దాదాపు ఒకటే. ఒకడి బాపు దగ్గర ఉండడు. మరొకడి ఊరు దగ్గర ఉండదు.

ఇలాంటి ఇంటి నుంచి ఆట ఎలా పుడుతుందో చూపే ఉదాహరణ పక్క జిల్లాలోనే ఉంది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. పేపర్లన్నీ రాసిన కథ ఇదే. దానికి ముందొక వలస కథ ఉంది. ఆమె తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ దాదాపు 15 ఏళ్లు సౌదీ అరేబియాలో సేల్స్ ఉద్యోగం చేశాడు. నలుగురు ఆడపిల్లలు. వాళ్ల చదువు, ఆట చూసుకోవాలని ఆ ఉద్యోగం వదిలి నిజామాబాద్ వచ్చేశాడు. ఆయన కూడా కుర్రతనంలో ఆటగాడే కాబట్టి, మైదానంలో ఏం కావాలో తెలుసు. మొదట పరుగు నేర్పాడు. బాక్సింగ్ వైపు మళ్లాక శంసముద్దీన్ దగ్గర శిక్షణ ఇప్పించాడు. ఆడపిల్లకు ముఖం మీద దెబ్బ తగిలితే పెళ్లెవరు చేసుకుంటారన్న చుట్టాల మాటకు అడ్డం నిలిచాడు. 2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో చేరిన నిఖత్, 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది.

ఈ కథలో గ్రాంటు ఇచ్చింది ఎవరు? ఆ తొలి ఏళ్లలో ఆ ఇంటికి అందిన ఆర్థిక సాయం సౌదీలో ఆగిపోయిన తండ్రి జీతమే. తన సంపాదన తానే కోసుకుని కూతురికి పెట్టుబడిగా పెట్టాడు. ప్రభుత్వం తర్వాత వచ్చింది, గట్టిగానే వచ్చింది. 2014లో 50 లక్షలు, 2022 జూన్‌లో 2 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, 2024లో డీఎస్పీ ఉద్యోగం. ఆమె వాటికి అన్ని విధాలా అర్హురాలు. కానీ జమీల్ అహ్మద్‌లా తిరిగి రాగలిగినవాళ్లు ఎందరు? వీసా అప్పు తీరనివాడు, కంపెనీ జీతం ఆపినవాడు, ఖల్లివెల్లి అయి, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా, దాక్కున్నవాడు కూతురి పరుగు చూడటానికి రాలేడు. వాళ్ల పిల్లలకు జమీల్ పెట్టిన ఆ తొలి పెట్టుబడిని వేరెవరైనా పెట్టాలి. గెలిచాక ఇచ్చే పెద్ద మొత్తాలతో ఆ లోటు పూడదు.

ఇప్పుడున్న పథకాల్లో ఆ తొలి పెట్టుబడి ఎక్కడుందో వెతకాలి. కేంద్రం నడిపే ఖేలో ఇండియాకు 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్లకు 3,165.50 కోట్లు కేటాయించారు. ఎంపికైన క్రీడాకారుడికి శిక్షణ, వసతితో పాటు నెలకు 10,000 రూపాయల చేతి ఖర్చు ఇస్తారు. పథకం తొలి రూపంలో మహిళల ఆటలకు, దివ్యాంగుల ఆటలకు, గ్రామీణ, గిరిజన ఆటలకు వేర్వేరు విభాగాలు పెట్టారు. వలస కుటుంబాల పిల్లలన్న మాట వాటిలో లేదు. రాష్ట్రంలో హకీంపేట క్రీడా పాఠశాల ఉంది, కరీంనగర్‌లో ప్రాంతీయ క్రీడా పాఠశాల ఉంది. నాలుగో తరగతిలోనే పరుగు, దూకడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ వంటి పరీక్షలు పెట్టి తీసుకుంటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లను ఆ పరీక్షకు తీసుకుపోయి, సర్టిఫికెట్లు చూపించి, హాస్టల్లో దింపి రావడానికి ఒక పెద్దమనిషి కావాలి. నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లకు అక్కడే ఆట ఆగిపోతుంది.

2022 జూన్ నుంచి ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. వాలీబాల్, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, కసరత్తు కడ్డీలు, ముందర పెద్ద ఇనుప బోర్డు. నేల దొరికింది, మంచిదే. నేర్పే మనిషికి మాత్రం అందులో జీతం రాయలేదు. బోర్డు ఉండి ఆట లేని ప్రాంగణాలు ఎన్నో ఉన్నాయంటే కారణం అదే.

వలస వైపు నుంచి చూసినా ఇదే ఖాళీ. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల సాయం, గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో నిర్ణయించింది. ఏళ్ల తరబడి గల్ఫ్ సంఘాలు కొట్లాడితే వచ్చిన ఫలితమిది. కేంద్ర విదేశాంగ శాఖ ప్రవాసుల పిల్లలకు ఏటా ఇచ్చే 150 స్కాలర్‌షిప్పుల్లో 50 గల్ఫ్ వంటి దేశాల కార్మికుల పిల్లలవి. ఆ 50లో మూడోవంతు ఇండియాలో చదివేవాళ్లకు. అవి డిగ్రీ చదువులకు. బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఒకటో తరగతి పిల్లకు ఏడాదికి 1,000 రూపాయల నుంచి వృత్తి విద్యలో చేరినవాళ్లకు 25,000 దాకా స్కాలర్‌షిప్ ఇస్తుంది. చావుకు సాయం ఉంది, చదువుకు సాయం ఉంది. ఆటకు ఒక గడి కూడా లేదు.

ఈ గడి లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో స్కూల్ గేమ్స్ మెట్లు ఎక్కి చూస్తే తెలుస్తుంది. మెట్‌పల్లి మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో అండర్-14 ఖోఖో ఆడే అమ్మాయిని తీసుకుందాం. మొదట మండల పోటీలు, ఊళ్లోనో పక్క ఊళ్లోనో జరిగిపోతాయి. తర్వాత జిల్లా పోటీలకు జగిత్యాల పోవాలి, దాదాపు 35 కిలోమీటర్లు. అక్కడ గెలిస్తే ఉమ్మడి జిల్లా ఎంపికకు కరీంనగర్, ఇంకో 50 కిలోమీటర్లు. ఆపై రాష్ట్ర పోటీలు ఏ జిల్లాలో పెడితే అక్కడికి. ఒక్కో మెట్టుకు పొద్దున బస్సు, మధ్యాహ్నం తిండి, కాళ్లకు బూట్లు, ఒంటికి జట్టు డ్రస్సు, వెంట ఒక పెద్దమనిషి. చాలాచోట్ల ఈ ఖర్చు పీఈటీ సార్ జేబు నుంచో, హెడ్మాస్టరు, ఊరి యువజన సంఘం కలిసి వేసుకున్న చందా నుంచో వెళ్తుంది.

ఈ ఖర్చులో ఒక ముక్కను ప్రభుత్వం అనుకోకుండానే తీర్చింది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, జీరో టికెట్టు ఇస్తారు. ఖోఖో జట్టులోని పన్నెండుమంది అమ్మాయిలు, వెంట వచ్చే టీచరమ్మ జగిత్యాల పోయి రావడానికి ఇప్పుడు రూపాయి అక్కర్లేదు. క్రీడా శాఖ పద్దులో కనిపించకపోయినా, ఈ జిల్లాల ఆడపిల్లల ఆటకు ఇటీవల అందిన పెద్ద సాయం ఇదే. మగపిల్లల జట్టు మాత్రం ఇంకా చందా డబ్బుతోనే బస్సెక్కుతోంది. చిన్న ఖర్చు తీరితే ఎంత దూరం పోవచ్చో ఈ జీరో టికెట్టు చూపిస్తోంది.

బట్టీ పిల్లల సంగతి ఇంకా చిక్కు. ఇటుక పని వానలు తగ్గాక మొదలై, మళ్లీ వానలు పడేదాకా నడుస్తుంది. కాబట్టి ఒడిశా కుటుంబాలు చలికాలం మొదట్లో దిగి, ఎండాకాలం చివర్లో వెనక్కి పోతాయి. బడుల పోటీలు సాధారణంగా ఆగస్టు, డిసెంబరు మధ్యలో జరుగుతాయి. పిల్లవాడి పేరు ఒడిశా బడిలో ఉన్నప్పుడు అక్కడి జట్టు ఎంపిక సగంలో ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి ఇక్కడి ఎంపిక అయిపోతుంది. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ అతను ఉండడు. ఒకప్పుడు ఈ పిల్లల కోసం ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పని స్థలాల దగ్గరే ఒడియా మాధ్యమంలో బడులు పెట్టారు. భాష తెలిసిన టీచర్లను, ఒడియా పుస్తకాలను తెప్పించారు. చదువుకు చేసిన ఆ ఏర్పాటు ఆటకు ఇంకా తేలిక. కబడ్డీ కూతకు పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

ఇతర దేశాలు ఈ పనిని రెండు రకాలుగా చేశాయి. జర్మనీలో ఒలింపిక్ క్రీడా సమాఖ్య నడిపే ‘క్రీడ ద్వారా సమైక్యత’ కార్యక్రమం 1989లో మొదలైంది. పోలండ్, సోవియట్ ప్రాంతాల నుంచి తిరిగి వచ్చిన జర్మన్ మూలాల కుటుంబాలను స్థానిక క్లబ్బుల్లో కలపడం దాని తొలి లక్ష్యం. డబ్బు కేంద్ర హోం శాఖది, చేతికి అందేది ఊరి క్లబ్బుకు. క్లబ్బు ఆ డబ్బుతో శిక్షకుడిని పెట్టుకుని, కొత్తగా వచ్చిన పిల్లల్ని ఇంటికి పోయి పిలుచుకొస్తుంది. అదే కాలంలో పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలే మిరోస్లావ్ క్లోజే, లుకాస్ పొడోల్స్కీ. ఇద్దరూ 2014లో ప్రపంచకప్ గెలిచిన జర్మనీ జట్టులో ఉన్నారు. వాళ్లిద్దరినీ ఆ కార్యక్రమమే తయారు చేసిందని అనలేం. కొత్తగా దిగిన ఇంటి పిల్లవాడికి ఊరి క్లబ్బు తలుపు తెరిచి ఉంచితే దేశానికి ఏం దక్కుతుందో మాత్రం వాళ్లు చూపించారు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ వేరే దారి పట్టింది. 2018లో బడికి పోయే ప్రతి పిల్లకు ఆట ఫీజు కోసం 100 డాలర్ల వోచర్ ఇచ్చింది. తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో వోచర్ తీసుకుంటే క్లబ్బు ఆ మేరకు ఫీజు తగ్గిస్తుంది. లక్షల మంది వాడుకున్నారు. కానీ పేద ప్రాంతాల్లో, ఇంట్లో ఇంగ్లీషు కాకుండా వేరే భాష మాట్లాడే కుటుంబాల్లో నమోదు తక్కువని పరిశోధకులు గమనించారు. 2024 నుంచి దాన్ని 50 డాలర్ల చొప్పున రెండు వోచర్లుగా మార్చి, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకే పరిమితం చేశారు. అడిగి తీసుకోవాల్సిన సాయం అడగడం తెలిసినవాళ్లకే ముందు చేరుతుంది.

మెట్‌పల్లికి ఈ రెంటిలో జర్మనీ దారే సరిపోతుంది. ఇక్కడ ఫీజు కట్టే క్లబ్బులు లేవు. బడే క్లబ్బు, పీఈటీ సారే మేనేజరు. తండ్రి ఖతార్‌లో, తల్లి బీడీల చాట దగ్గర ఉన్న ఇంటికి వోచర్ నంబరు పంపితే అది ఫోన్‌లోనే ఉండిపోతుంది. డబ్బు బడి ఖాతాకు పోవాలి. పిల్ల పేరున కాకుండా ఆట పేరున పోవాలి, లేకపోతే బట్టీ పిల్ల ఆధార్ చిరునామా ఒడిశాదని మొదటి రోజే పక్కన పెడతారు.

ఎంత డబ్బు? ఖేలో ఇండియా చిన్న కేంద్రాల పద్ధతిలో ఒక ఆటకు మొదట ఒకసారి 5 లక్షల దాకా, తర్వాత ఏటా 5 లక్షల దాకా ఇస్తారు. అందులోనే పాత ఛాంపియన్‌ను శిక్షకుడిగా పెట్టుకోవచ్చు, సామగ్రి కొనొచ్చు, పోటీలకు తీసుకుపోవచ్చు. ఒక ప్రపంచ విజేతకు ఇచ్చే 2 కోట్లతో అలాంటి ఒక కేంద్రాన్ని 40 ఏళ్లు నడపొచ్చు, లేదా మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో తలా ఒకటి పెట్టి పదేళ్లు నడపొచ్చు. విజేత బహుమతి తగ్గించమని ఈ లెక్క చెప్పడం లేదు. రెండో పద్దు ఎంత చిన్నదో చూపిస్తోంది.

డబ్బుకు దారులు కూడా ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు గ్రామీణ క్రీడల శిక్షణను సామాజిక బాధ్యత ఖర్చుగా ఒప్పుకుంటుంది. కేరళలోని మలప్పురంలో గల్ఫ్ డబ్బు సెవెన్స్ ఫుట్‌బాల్ టోర్నీలను, క్లబ్బులను పోషిస్తోంది. ఉత్తర తెలంగాణ గల్ఫ్ సంఘాలు ఇప్పటికే మృతదేహాలు తెప్పించడానికి, జైళ్లలో చిక్కినవాళ్లను విడిపించడానికి చందాలు ఎత్తుతున్నాయి. వాళ్ల మీద ఇంకో బరువు పెట్టడం న్యాయం కాదు. ప్రభుత్వం వేసే రూపాయికి వాళ్లు పావలా కలిపితే మాత్రం ఆ ఖాతా మీద ఊరి కన్ను ఉంటుంది.

చేయాల్సినవాళ్ల పేర్లూ తెలిసినవే. ఖేలో ఇండియా కేంద్రాలకు ప్రతిపాదనలు పంపాల్సింది జిల్లా యువజన, క్రీడల అధికారి, కలెక్టరు ద్వారా. గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ఇచ్చిన ప్రాధాన్యాన్ని కరీంనగర్, హకీంపేట క్రీడా పాఠశాలల ప్రవేశాలకు విస్తరించమని ప్రభుత్వాన్ని అడగాల్సింది గల్ఫ్ సంఘాలు. బట్టీల దగ్గర జనవరి, ఏప్రిల్ మధ్య ఒక విడి పోటీ పెట్టి, అందులో గెలిచిన పిల్లల వివరాలు ఒడిశా క్రీడా శాఖకు పంపే పని విద్యా శాఖది. మైదానం గంటకు బదులుగా బీడీ ఇంటికి పాలు, గుడ్లు, నెలకు కొంత చేతి ఖర్చు ఇచ్చే నిబంధన గ్రాంటు కాగితంలోనే రాయాలి. లేకపోతే ఆడపిల్లలు మొదటి నెలలోనే మానేస్తారు.

బడులు జూన్‌లో తెరుచుకుంటాయి. మండల జట్ల ఎంపిక ఆగస్టు నుంచి మొదలవుతుంది. ఏ బడిలో ఏ ఆట, ఖాతా ఎవరి పేర, శిక్షకుడు ఎవరు అన్నవి వేసవి సెలవుల్లోనే తేలిపోవాలి. వచ్చే ఏడు చూద్దామంటే, ఈ ఏడు అండర్-14లో ఆడాల్సిన పిల్లల్లో చాలామందికి అప్పటికి ఆ వయసు దాటిపోతుంది.